తెలిసిన కథను కొత్తగా చెప్పడం ఎలా?

సంక్రాంతి నుంచి ఉగాది దాకా వరంగల్ దగ్గర సాగే ఐనవోలు మల్లన్న జాతరలో, డోలు వాయిస్తూ దేవతల కథ పాడి చెప్పే ఒగ్గు కథ వినడానికి కూర్చున్న జనంలో ఆ కథ తెలియని వారు దాదాపు ఉండరు. మల్లన్న మేడలమ్మను ఎట్లా చేపడతాడో, గొల్ల కేతమ్మ ఎక్కడ వస్తుందో, ఎల్లమ్మ కథైతే ఏ ఘట్టంలో గుండె బరువెక్కుతుందో వారికి చిన్ననాటి నుంచి తెలుసు. అయినా డోలు మోగగానే ముందుకు జరిగి కూర్చుంటారు, కథ ముగిసేదాకా కదలరు. కథ తెలిసిన వారే ఇంత ఇష్టంగా వింటున్నారంటే, వారికి కావలసింది తర్వాత ఏం జరుగుతుందన్న సమాచారం ఒక్కటే కాదని ఒప్పుకోవాలి. రాయాలని ఉన్నా కొత్త కథ దొరకడం లేదని కలం పక్కన పెట్టేవారు మొట్టమొదట ఆలోచించవలసింది ఈ విషయాన్నే.

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల కథలు రాయాలనుకునే యువతీ యువకులతోనూ, పిల్లలకు కథలు చెప్పాలనుకునే ఉపాధ్యాయులతోనూ మాట్లాడినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ఇప్పటికే అందరూ అన్నీ చెప్పేశాక మేం చెప్పడానికి ఏం మిగిలింది? నా అభిప్రాయంలో కొత్తదనాన్ని కథావస్తువులో వెతకడం దండగ. చెప్పేవారు తమ కళ్ళతో పట్టుకున్న వివరంలోనూ, ఆ వివరాన్ని ఎవరి వైపు నిలబడి, ఎవరికి, ఏ వరుసలో చెబుతున్నారన్న ఎరుకలోనూ అది దొరుకుతుంది. దాన్ని సాధించే దారి ఏమిటో ఇక్కడ వీలైనంత వివరంగా చెబుతాను. అయితే పద్ధతి అర్థం కావాలంటే మనిషికి కథ ఎందుకు కావాలో ముందు కొంత తెలియాలి.

మనిషి కథ లేకుండా ఎందుకు ఉండలేడు

1944లో ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న చలనచిత్రం తయారుచేశారు. అందులో ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపులాగా తెరుచుకునే భాగమున్న ఒక దీర్ఘచతురస్రం తప్ప మరేమీ లేవు. ఆ ఆకారాలు అటూ ఇటూ కదులుతాయి, అంతే. చూసింది చెప్పమని 34 మందిని అడిగితే, ఒక్కరు తప్ప మిగతా అందరూ వాటిని ప్రాణమున్న వాటిగానే వర్ణించారు. ఒకటి మరొకదాన్ని తరుముతోందనీ, ఇంకొకటి భయపడి దాక్కుంటోందనీ చెప్పారు. కదిలే గీతలకు సైతం మనసునూ ఉద్దేశాన్నీ అంటగట్టకుండా మనిషి చూడలేడన్నమాట.

పాలీ వీస్నర్ అనే మానవశాస్త్రవేత్త ఆఫ్రికాలోని కలహారి ప్రాంతంలో వేట మీదా, అడవి ఫలసాయం మీదా బతికిన జుహోవాన్ ప్రజల మాటలను గమనించి, 2014లో ఆ ఫలితాలను ప్రచురించారు. పగటి మాటల్లో ఎక్కువ భాగం తిండి సంపాదన, ఒకరి మీద ఒకరి ఫిర్యాదులే. కథలు 6 శాతం మాత్రమే. రాత్రి నెగడు చుట్టూ కూర్చున్నాక సాగిన మాటల్లో 81 శాతం కథలే. ఇది మనకు దూరపు సంగతేమీ కాదు. మన ఊళ్ళలోనూ పగలంతా కూలి, ఎరువు, కరెంటు, అప్పు గురించే మాట్లాడుకునే మనుషులు, రాత్రి బువ్వ తిని వాకిట్లో మంచాలు వాల్చుకున్నాకే ఎప్పుడో పోయిన పెద్దమనిషి గురించీ, ఊరు విడిచిపోయిన కుటుంబం గురించీ చెప్పుకోవడం మొదలుపెడతారు. ఫిలిప్పీన్స్‌లోని ఆగ్టా ప్రజల మీద 2017లో వెలువడిన మరో అధ్యయనం ఇంకొక అడుగు ముందుకు వేసింది. మంచి కథకులు ఎక్కువగా ఉన్న బిడారాల్లో మనుషులు ఒకరితో ఒకరు పంచుకునే గుణం ఎక్కువగా కనిపించింది. ఎవరితో కలిసి బతకాలని ఉందని అడిగితే, నేర్పరి అయిన వేటగాడి కంటే నేర్పరి అయిన కథకుణ్ణే ఎక్కువ మంది కోరుకున్నారు.

మన దగ్గర దీనికి మేడారం సమ్మక్క సారలమ్మ జాతర కంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. ములుగు జిల్లా అడవుల్లో రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే ఆ జాతరకు లక్షల జనం కదిలి వచ్చేది ఒక కథ చుట్టూ, అదీ ఓటమి కథ చుట్టూ. కప్పం కట్టలేని కోయ దొరల మీదికి కాకతీయ ప్రతాపరుద్రుడి సేన వచ్చిందనీ, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు నేలకొరిగారనీ, సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడనీ, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్ళి కనిపించకుండా పోతే అక్కడ కుంకుమ భరిణె దొరికిందనీ కథ చెబుతుంది. అప్పటి నుంచి సంపెంగ వాగు జంపన్న వాగయింది. జాతర నాలుగు రోజులూ కథ నడకలోనే సాగుతాయి: కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు చేరుతుంది, మొక్కులు తీరాక ఇద్దరూ వనప్రవేశం చేస్తారు. వాగులో మునిగి లేచే మనిషి, పేరు తెలిసిన ఒక తల్లి కొడుకు చనిపోయిన చోట నిలబడి ఉన్నానని తెలిసే మునుగుతాడు. చనిపోయినవారిని వెంట ఉంచుకోవడానికి మనుషులకు కథకు మించిన సాధనం ఇప్పటిదాకా దొరకలేదని నేను నమ్ముతాను.

ఇదంతా తెలిసినందువల్ల రాసేవారికి ఒరిగేదేమిటని అడగవచ్చు. చాలానే ఉంది. త్రిభుజానికే మనసు కట్టబెట్టే పాఠకుడికి పాత్ర మనసులోని మాటంతా విప్పి చెప్పనక్కరలేదు. పాత్ర చేసిన పనిని చూపిస్తే కారణాన్ని అతడే ఊహించుకుంటాడు, ఊహించుకున్నందువల్ల ఆ కథ కొంత అతడిది కూడా అవుతుంది. ఇక, మనుషులు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో కథల ద్వారా తెలుసుకుంటున్నారు కాబట్టి, ఒక మనిషికి మరో మనిషి నుంచి ఏదో కావలసి ఉండడమే కథకు ప్రాణం. ఎవరికీ ఎవరి నుంచీ ఏమీ అక్కరలేని చోట వర్ణన ఉంటుంది గానీ కథ ఉండదు.

పోతన దగ్గర నేర్చుకోదగినది

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర ఊరివాడుగా మనం చెప్పుకునే పోతన 15వ శతాబ్దంలో తెలుగు చేసిన భాగవతం ఆయన కల్పించిన కథ కాదు. గజేంద్రుడి మొర విని విష్ణువు రావడం సంస్కృత మూలంలోనూ ఉంది. అక్కడ ఆయన గరుడుడి మీద, చక్రం ధరించి, దేవుడు రావలసిన తీరులోనే వస్తాడు. పోతన మాత్రం ఆ క్షణాన్ని వైకుంఠం గడప దగ్గర నిలబడి చూసినట్టు చూశాడు. లక్ష్మికి చెప్పకుండా, శంఖ చక్రాలు చేతుల్లోకి తీసుకోకుండా, పరివారాన్ని పిలవకుండా, గరుడుణ్ణి సిద్ధం చేయకుండా, చెవుల మీదికి జారిన జుట్టు సవరించుకోకుండా, చివరికి తాను పట్టుకున్న భార్య పైట కొంగైనా వదలకుండా దేవుణ్ణి బయలుదేరదీశాడు.

ఇక్కడ ఘట్టం మారలేదు, ముగింపు మారలేదు, పాత్రలూ మారలేదు. ఆపద కబురు చెవిన పడగానే మనిషి ఇల్లు ఎలా వదులుతాడో, చేతిలో ఏది ఉంటే అది అలాగే పట్టుకొని ఎలా పరుగెత్తుతాడో పోతనకు తెలుసు. తనకు తెలిసిన దాన్ని దేవుడి మీద పెట్టి చూశాడు. పైట కొంగు వదలకపోవడం అన్న ఒక్క వివరం విష్ణువు ఆత్రాన్ని ఎంత చెబుతుందో, ‘ఎంతో ఆత్రంగా’ అన్న మాటను నూరుసార్లు వాడినా అంత చెప్పలేదు. కథ రాయాలనుకునే వారు ఆ ఘట్టాన్ని భక్తితో చదివినట్టే ఒకసారి పనివాడి కంటితోనూ చదవాలి. పాత కథలో ఏ క్షణం దగ్గర ఆగాలి, ఆగిన చోట చేతులు ఏం చేస్తున్నాయో ఎలా చూడాలి అన్న రెండు విద్యలూ అందులో ఉన్నాయి.

అందరికీ తెలిసిన సంగతిని తీసుకుందాం

మిర్చి రైతు కథను ఉదాహరణగా తీసుకుంటాను. మన ప్రాంతంలో కథ రాసే ప్రతివారూ ఏదో ఒకనాడు దాని జోలికి వెళతారు, చాలామంది ఇలాగే రాస్తారు:

“రామయ్య ఒక పేద రైతు. ఆరుగాలం కష్టపడి మిర్చి పండించాడు. ఎన్నో ఆశలతో పంటను మార్కెట్‌కు తీసుకెళ్ళాడు. కానీ గిట్టుబాటు ధర రాక అతని కలలన్నీ కల్లలయ్యాయి. బరువెక్కిన హృదయంతో, కన్నీళ్ళతో ఇంటికి తిరిగి వచ్చాడు.”

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. బాధ కూడా నిజమైనదే. అయినా ఇది ఎవరి చెవికీ ఎక్కదు, ఎందుకంటే ఇందులో ఉన్న ప్రతి మాటా ఇదివరకే ఎవరో అతికించి పెట్టినది. ‘ఆరుగాలం’ అనగానే ‘కష్టపడి’ అని పాఠకుడే పూరిస్తాడు. ‘కలలు’ అనగానే ‘కల్లలు’ వస్తుందని అతడికి తెలుసు. వినేవాడు ముందే పూరించుకోగల వాక్యం వినేవాడికి అక్కరలేదు. ఫోనును అడిగితే క్షణంలో కథ రాసిపెట్టే ఈ రోజుల్లో ఈ సంగతి మరింత ముఖ్యం. అందరూ ఎక్కువగా వాడిన మాటల వరుసే ఆ యంత్రానికి మొదట తడుతుంది, కాబట్టి మనమూ అదే వరుసలో రాస్తే మన అవసరమే ఉండదు.

మరి ఏం చేయాలి? మిర్చి వచ్చే కాలంలో తెల్లవారుజామున వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్ళి, ఒక మూల నిలబడి, అక్కడ జరిగే పనులను జరిగిన వరుసలో రాసుకోవాలి. అభిప్రాయాలు రాసుకోవద్దు, అవి ఇంటికి వచ్చాక కూడా దొరుకుతాయి. ఆ రోజు మేలైన సరుకుకు ధర పలికే జెండా పాట ఎప్పుడు మొదలైంది, ఆ ధర పలికిన బస్తాకూ మిగతా బస్తాలకూ తేడా ఏమిటి, ఖరీదుదారు కాయను ఎలా చూస్తాడు, రైతు తరఫున సరుకు అమ్మిపెట్టే అడ్తిదారు ఎక్కడ నిలబడతాడు, తూకం వేసే దడవాయి కాంటా పెట్టేటప్పుడు రైతు కళ్ళు ఎటు ఉంటాయి, తూకం, ధర రాసిచ్చే తక్‌పట్టీ చేతికి వచ్చాక దాన్ని చదువుతాడా, చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుంటాడా? ఈ ప్రశ్నల్లో ఒక్కటీ ‘రైతు బాధ’ గురించి కాదు; అయినా బాధ ఉండేది వీటిలోనే. పని మాటలను కూడా అక్కడివారు వాడినట్టే తీసుకోవాలి, తెలియనివి అడిగి తెలుసుకోవాలి. తెల్లబారిన నాసి కాయకు వాడే తాలు అన్న మాట తెలియకుండా మిర్చి రైతు కథ రాయడం సాధ్యం కాదు. ధర విరిచేది చాలాసార్లు ఆ మాటే.

అలా చూసి వచ్చాక అదే కథను ఇలా రాయవచ్చు:

“జెండా పాట పద్నాలుగు వేలని వినిపించినప్పుడు రామయ్య తన బస్తాల వరుస చివర నిలబడి ఉన్నాడు. కొంతసేపటికి ఖరీదుదారు వచ్చి, ఒక బస్తా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి గుప్పెడు కాయ పైకి తీశాడు. ఒక కాయను చెవి దగ్గర పెట్టుకొని ఆడించాడు. తెల్లబారిన కాయలు రెండు ఏరి, రామయ్య అరచేతిలో పెట్టి, ‘తాలున్నది. పది వేలు’ అన్నాడు. బస్తా మీద కూర్చున్న కొడుకు లేచి, ‘బాపూ, నిన్ననే ఏరినం గద’ అన్నాడు. రామయ్య కొడుకు వైపు చూడలేదు. ‘రాసుకో సేటూ’ అన్నాడు. కాంటా అయింది, బస్తాలు వెళ్ళిపోయాయి. తక్‌పట్టీ అందుకోవడానికి కుడి చెయ్యి చాపబోయి, అది ఇంకా పిడికిలిగానే ఉందని గమనించి, ఎడమ చెయ్యి చాపాడు.”

ఈ రెండో రూపంలో కథావస్తువు కొంచెం కూడా కొత్తది కాదు. రైతు అదే, మార్కెట్ అదే, ధర రాకపోవడమూ అదే. అయితే ఇందులో ఇద్దరు మనుషుల మధ్య ఒక కోరిక, దానికి ఒక అడ్డం ఉన్నాయి. కొడుకు అన్న మాటకు తండ్రి జవాబు చెప్పకపోవడం వల్ల పాఠకుడి ముందు ఒక ప్రశ్న నిలిచింది. ఆ రెండు తాలు కాయలు, పోతన చూపిన పైట కొంగు లాగానే, చేతిలో ఉండిపోయాయి. దుఃఖం అన్న మాట ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే ఎడమ చెయ్యి చాపడం వృథా అయ్యేది. మొదటిసారి రాసేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: భావం పేరు రాయాలనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ సమయంలో ఆ మనిషి చేతులు ఏం చేస్తున్నాయో వెతకండి.

మార్కెట్‌కే వెళ్ళనవసరం లేదు. తునికాకు కత్తిరిస్తూ చాట ముందు కూర్చున్న బీడీ కార్మికురాలు, సిరిసిల్లలో మరమగ్గం ఆగిన మధ్యాహ్నం, దుబాయి నుంచి వచ్చే ఫోను కోసం జగిత్యాల పల్లెలో ఎదురుచూసే ఇల్లు, దేన్ని తీసుకున్నా పద్ధతి ఒకటే. మీరు ఇప్పటికే పదేళ్ళుగా చూస్తున్న దాన్ని ఎంచుకుంటే వెళ్ళి చూసే శ్రమ సగం తగ్గుతుంది, కానీ రోజూ చూసేదాన్ని మళ్ళీ కొత్తగా చూడడం అన్న శ్రమ అంతకంటే ఎక్కువగా ఎదురవుతుంది.

ఎవరి వైపు నిలబడి చెబుతున్నారు

ఒకప్పటి వరంగల్ జిల్లాలో, ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథలను వరుస వరుసలుగా చిత్రించేవారు. సుమారు 3 అడుగుల వెడల్పుతో, 40 అడుగులకు మించిన పొడవుతో ఉండే ఆ పటాన్ని వేలాడదీసి, కథకుడు ఒక్కొక్క భాగమే విప్పుతూ కథ చెబుతాడు. ఇందులో రాసేవారికి రెండు పాఠాలు ఉన్నాయి. విప్పని భాగం అక్కడే, కళ్ళ ముందే, చుట్టి ఉందని జనానికి తెలియడం మొదటిది. ఏదో దాచి ఉంచారని తెలిసినప్పుడే ఆసక్తి నిలుస్తుంది, అసలేమీ తెలియనప్పుడు నిలవదు. కథ మొదట్లో ఒక ముఖ్యమైన సంగతిని సగం చెప్పి, మిగతా సగాన్ని తగిన చోట విప్పడం అందుకే పనిచేస్తుంది.

రెండో పాఠం ఇంకా లోతైనది. ఆ పటాలు అందరికీ ఒకటి కావు. కూనపులి వారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు, కాకిపడగల వారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు, గౌడ జెట్టీలు గౌడులకు, డక్కలి వారు మాదిగలకు వారి వారి పురాణాలు చెబుతారు. లోకం ఎలా పుట్టింది, ఎవరు ముందు, ఎవరికి ఎవరు బాకీపడ్డారు అన్న ప్రశ్నలు పటం పటానికీ వేరే చోట నిలబడి చూస్తాయి. డక్కలి వారు చెప్పే జాంబ పురాణంలో అందరికంటే ముందు పుట్టినవాడు జాంబవంతుడు. పెద్ద కథల్లో అంచున కూర్చున్నవారు ఇక్కడ నడిమధ్యకు వస్తారు, వారు నడుమకు రాగానే మిగతా లోకమంతా సర్దుకొని కూర్చోవలసి వస్తుంది. కొత్తదనానికి ఇంతకంటే బలమైన దారి నాకు తెలియదు.

దీన్ని మన మిర్చి కథ మీద ప్రయోగించి చూడండి. కొడుకు వైపు నుంచి చెబితే అది ధర కథ కానే కాదు. తండ్రి తన వైపు చూడని క్షణం కథ. దడవాయి వైపు నుంచి చెబితే, పొద్దుటి నుంచి పదుల సంఖ్యలో పిడికిళ్ళు చూసిన మనిషి కథ. అన్నిటికంటే నన్ను పట్టుకునేది ఇంటి దగ్గర ఉన్న తల్లి. ముందురోజు కల్లంలో ఎండలో కూర్చొని, ఘాటుకు ముక్కుకు కొంగు చుట్టుకొని, తాలు ఏరింది ఆమె. ‘తాలున్నది’ అన్న ఒక్క మాటతో ఖరీదుదారు తీసిపారేసింది ఆమె చేసిన పనిని. రామయ్య ఇంటికి వచ్చి ఆ మాట ఆమెకు చెబుతాడా, చెప్పడా? చెప్పకపోతే, అతని జేబులో ఉన్న ఆ రెండు కాయలు ఆమె కంట పడితే? ఈ ప్రశ్న వేసుకోగానే కథ మార్కెట్ నుంచి ఇంట్లోకి వచ్చింది. ధర గురించిన పాత ఫిర్యాదు ఇద్దరు మనుషుల మధ్య మర్యాదకు సంబంధించిన విషయమైంది. ఒకే సంఘటనను కనీసం ముగ్గురి వైపు నుంచి పేరా చొప్పున రాసి చూడకుండా కథ మొదలుపెట్టవద్దని నా సలహా. ఎక్కడ రాస్తుంటే మీకే తెలియనిది బయటపడుతుందో, అక్కడే నిలబడాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇలా ఒక్కో కులాన్ని ఆశ్రయించి కథ చెప్పే ఆశ్రిత కులాల కథకులకు తమ కథల మీద తరతరాల మిరాశి హక్కు ఉంది, ఆ కథలే వారి బతుకుతెరువు. వారి నోట విన్న కథను వాడుకుంటే ఎవరి దగ్గర విన్నదో చెప్పడం కనీస ధర్మం. అలాగే పక్కింటి దుఃఖాన్ని గుర్తుపట్టేలా రాయడానికి ముందు ఆ ఇంటివారిని అడగాలి, వారు వద్దంటే మానుకోవాలి.

మాట ఎలా ఉండాలి

పాత్రలు తమ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి. రామయ్య కొడుకు చేత ‘నాన్నగారూ, మనం నిన్ననే ఏరాము కదా’ అనిపిస్తే ఆ అబ్బాయి ఎనుమాములలో ఉండడు, పాఠ్యపుస్తకంలో ఉంటాడు. అయితే దీనికి ఎదురుగా ఉన్న తప్పు ఈమధ్య ఎక్కువైంది. ప్రతి వాక్యంలోనూ ‘గిట్ల’, ‘గట్ల’ చల్లితే తెలంగాణ కథ అయిపోతుందని కొందరు అనుకుంటున్నారు. యాస మాటల లెక్కలో ఉండదు. వాక్యం ఎక్కడ తెగుతుందో, పెద్దవారితో ఏది అనకుండా ఊరుకుంటారో, కోపంలో ఏ మాట ముందుకు వస్తుందో అందులో ఉంటుంది. ఇంట్లో అవ్వ ‘బిడ్డా’ అనే తీరు ఒక్కటి సరిగ్గా పట్టుకుంటే పది మాటలు వంకర తిప్పనక్కరలేదు. కథనాన్ని వాడుక తెలుగులో నడిపి సంభాషణలను ఇంటి మాటలో రాయవచ్చు, లేదా మొత్తం ఇంటి మాటలోనే రాయవచ్చు. రెండూ మంచివే, మధ్యలో మార్చకూడదు.

ఈ పట్టుదల మన నేలకు కొత్త కాదు. 13వ శతాబ్దంలోనే పాలకుర్తి సోమనాథుడు సంస్కృత వృత్తాలను కాదని, జనం పాడుకునే ద్విపదలో శివభక్తుల కథలు చెప్పాడు. జనం మాటే రాత కావాలని జీవితాంతం వాదించిన కాళోజీ నారాయణరావు పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఎంత కొత్తదనం సరిపోతుంది

అంతా కొత్తగా ఉండాలన్న ఆశ కూడా కథను చెడగొడుతుంది. ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉత్తర అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండులోని వారికి చదవనిచ్చి, కొంతకాలం తర్వాత మళ్ళీ చెప్పమన్నాడు. 1932లో వెలువడిన తన పుస్తకంలో ఆ ఫలితాలను వివరించాడు. వారికి అలవాటు లేని దోనెలు మామూలు పడవలయ్యాయి, సీలు జంతువుల వేట చేపల వేటయింది, అర్థం కాని భాగాలు జారిపోయాయి. వినేవాడికి ఆనుకోవడానికి తెలిసినదేదీ లేకపోతే మన కొత్తదనాన్ని అతడే చదును చేసి పాతదిగా మార్చుకుంటాడు.

బతుకమ్మ పాటలు ఈ చిక్కును ఎప్పుడో తేల్చాయి. వరుస మారదు, పాదం చివర ఉయ్యాలో అన్న పలుకు మారదు, చప్పట్ల నడక మారదు. ఆ చట్రం గట్టిగా ఉంది కాబట్టే దానిలోకి ఏదైనా తేవచ్చు: రామాయణ ఘట్టం, అత్తింటి కష్టం, కరువు. తెలంగాణ ఉద్యమ కాలంలో ఆ వరుసల్లోనే ఉద్యమం మాటలు పాడుకున్నారు. కొత్త మాట రాగానే చుట్టూ తిరుగుతున్న ఆడవారందరూ దాన్ని వెంటనే అందుకోగలిగారంటే, మిగతాదంతా వారికి ముందే తెలిసి ఉండడమే కారణం. మీ కథలోనూ ఒకటి రెండు చోట్ల మాత్రమే పాఠకుడు ఎన్నడూ చూడనిది పెట్టి, మిగతాదాన్ని అతడు తడబడకుండా నడిచే నేలలాగా ఉంచండి. చివర్లో అంతా తలకిందులు చేసే మలుపు కోసం వెంపర్లాడవద్దు. మలుపు ఒక్కసారే పనిచేస్తుంది, రెండోసారి చదివినప్పుడు నిలిచేది వివరమే.

రాయకముందు చెప్పి చూడండి

ఒగ్గు కథలో ప్రధాన కథకుడి పక్కన వంత పాడేవారు ఉంటారు. వారి పని రాగం అందుకోవడంతో ఆగదు. అడుగుతారు, ఆశ్చర్యపోతారు, అడ్డు తగులుతారు, అప్పటి ఊరి సంగతిని కథ మధ్యలోకి తెస్తారు. జనం మనసులో మెదిలే ప్రశ్నను జనం తరఫున వారే అడిగేస్తారు. ఒంటరిగా కాగితం ముందు కూర్చునే వారికి ఆ వంతపాటగాడు ఉండడు, కాబట్టి అతణ్ణి తెచ్చుకోవాలి. కథను రాయకముందే ఎవరో ఒకరికి నోటితో చెప్పండి. మెచ్చుకునే మిత్రుడి కంటే, ఊకొడుతూ మధ్యలో ‘మరి ఆయన ఎందుకు ఊకున్నడు?’ అని అడిగే మనిషి మేలు. పన్నెండేళ్ళ పిల్లలు ఈ పనికి చాలా బాగా ఉపయోగపడతారు. వారికి మొహమాటం ఉండదు, విసుగు పుడితే లేచిపోతారు.

చెబుతున్నప్పుడు మీ గొంతు ఎక్కడ వేగం అందుకుందో, ఎక్కడ మీరే సాగదీశారో గమనించండి. వినేవారు ఊకొట్టడం ఎక్కడ ఆపేశారో గుర్తుంచుకోండి. అది విసుగు వల్ల ఆగిందా, ఊపిరి బిగబట్టడం వల్ల ఆగిందా అన్నది వారి ముఖం చెబుతుంది. వారు అడిగిన ప్రశ్నలన్నిటికీ కథలో జవాబులు పెట్టనక్కరలేదు. అయితే ఏ ప్రశ్నకు కావాలనే జవాబు ఇవ్వడం లేదో మీకు తెలిసి ఉండాలి. ఆ రోజే మొదటి ప్రతి రాసేయండి, నోటి నడక ఆరిపోకముందే.

పది, పదిహేను రోజులు గడిచాక అదే మనిషిని కలిసి, కథలో ఏం గుర్తుందో అడగండి. మధ్యలో అందివ్వవద్దు, సరిచేయవద్దు. వారు మరిచిపోయిన పేరాలను ప్రతిలోంచి తీసేసి, కథ ఇంకా నిలబడుతోందేమో చూడండి, చాలావరకు నిలబడుతుంది. వారు మార్చి చెప్పిన చోట మీరు సరిగా చూపించలేదని అర్థం, అక్కడికి తిరిగి వెళ్ళి మళ్ళీ చూడవలసి ఉంటుంది. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా ఒకే వివరాన్ని చెబితే, రెండో ప్రతిని ఆ వివరానికి వీలైనంత దగ్గరలో మొదలుపెట్టండి.